వెట్ ఏఎమ్‌డీకి మూడు ఇంజెక్షన్లయ్యాయి, చూపు పెరగలేదు, ఇక ఆపేయొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 72 ఏళ్ళు, తెనాలిలో ఉంటారు, కుడి కంట్లో వెట్ మాక్యులర్ డీజనరేషన్ (వెట్ ఏఎమ్‌డీ అంటే ఇదే) అన్నారు, ఎడమ కంట్లో డ్రై అన్నారు. నెలకొకటి చొప్పున కుడి కంటికి మూడు ఇంజెక్షన్లయ్యాయి, చార్టులో ఒక్క వరుస కూడా సరిగ్గా పెరగలేదు, దాంతో ఆయన "ఇక చాలు, కంట్లో సూదులు నావల్ల కాదు" అంటున్నారు, మీరు పుణెలో ఉండి ఫోన్లో నచ్చజెప్పలేకపోతున్నారు. చవక ఇంజెక్షన్‌కీ ఖరీదైన ఇంజెక్షన్‌కీ తేడా ఎంత, ఎడమ కంటికి ఏం చెయ్యాలి, బంధువులు చెబుతున్న పసరు వైద్యం సంగతేంటి అని కూడా అడిగారు.

నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. 19 ఏళ్ళుగా రెటీనా, అంటే కంటి లోపల వెనకనుండే చూపు పొర, దాని విభాగంలోనే పని. చూపు పరీక్ష చెయ్యడం, ఓసీటీ స్కాన్ (వెలుతురుతో రెటీనా పొరల్ని చూపించే బొమ్మ) తియ్యడం, ఇంజెక్షన్‌కి ముందు భయపడేవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడటం. మా అమ్మకీ ఇదే జబ్బు, ఎనిమిదేళ్ళుగా రెండు కళ్ళకీ వైద్యం జరుగుతోంది. మందు మార్చాలా, ఎన్ని వారాలకి వెయ్యాలి అన్నది మీ రెటీనా డాక్టరు స్కాన్ చూసి తేల్చాల్సిందే. మిగతావి నాకు తెలిసినంత చెబుతాను.

ముందు అసలు ప్రశ్నకి జవాబు: ఆపొద్దు. మూడు ఇంజెక్షన్లతో వైద్యం మొదలవుతుంది అంతే. ఓపీ రద్దీలో "మూడు ఇంజెక్షన్లు పడతాయండీ" అని ఒక్క ముక్క చెప్పి పంపిస్తారు, ఇంటికెళ్ళేసరికి అది "మూడింటితో అయిపోతుంది" అని మారిపోతుంది, తీరా నాలుగోదానికి రమ్మంటే డబ్బు గుంజుతున్నారన్న అనుమానం వస్తుంది. ఇందులో నాన్నగారి తప్పేమీ లేదు. మొదటిరోజే పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం ఇది.

మనం సూటిగా దేన్ని చూస్తామో, పేపర్లో అక్షరం, ఎదుటి మనిషి ముఖం, సూది బెజ్జం, అదంతా రెటీనా నడిమధ్య ఐదారు మిల్లీమీటర్ల చోటు చేసే పని. దాన్నే మాక్యులా అంటారు. వయసు మీదపడేకొద్దీ కొందరికి దాని అడుగున పసుపుపచ్చ నలకల్లాంటివి పేరుకుంటాయి, వాటిని డ్రూసెన్ అంటారు. ఇది డ్రై రకం. నూటికి ఎనభై ఐదు, తొంభై మంది ఈ రకంలోనే ఉంటారు, చాలావరకు ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడుస్తుంది. మిగిలినవాళ్ళలో అడుగు పొర నుంచి కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చి పైకి పాకుతాయి. వాటికి గట్టిదనం ఉండదు, కారుతుంటాయి, ఒక్కోసారి చిట్లి రక్తం చేరుతుంది. ఇదే వెట్ రకం. పునాదిలోంచి చెమ్మ ఎక్కిన గోడ చూశారుగా, ముందు సున్నం ఉబ్బుతుంది, కొన్నాళ్ళకి పెచ్చులు ఊడతాయి. కంట్లోనూ అంతే. చెమ్మ ఎన్నాళ్ళు నిలిస్తే పైనున్న చూపు కణాలు అంతగా పాడవుతాయి, చివరికి అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కట్టాక ఎంత ఖరీదు మందు వేసినా పోయిన చూపు రాదు.

ఆ నాళాలు పెరగడానికి కారణం కంట్లో తయారయ్యే వీఈజీఎఫ్ అనే పదార్థం. ఇంజెక్షన్లో మందు దాన్ని పట్టి కట్టేస్తుంది. మందు కొన్ని వారాల్లో కంట్లోంచి వెళ్ళిపోతుంది, వీఈజీఎఫ్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. బీపీ మాత్ర మూడు నెలలు వేసుకుని మానేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. తేడా ఏమిటంటే, బీపీ మళ్ళీ మాత్రతో దిగుతుంది, మాక్యులాలో ఈలోగా కట్టిన మచ్చ అలాగే ఉండిపోతుంది.

ఇక "చూపు పెరగలేదు" అన్న మాట. ఈ మందుల మీద జరిగిన మొదటి పెద్ద ప్రయోగాల్లో, రానిబిజుమాబ్ నెలనెలా వేసిన వాళ్ళలో ఏడాది తిరిగేసరికి నూటికి తొంభై నాలుగైదు మంది చూపు నిలబడింది, అంటే చార్టులో మూడు వరుసలు పోగొట్టుకోకుండా ఉన్నారు. మందు వెయ్యనివాళ్ళలో అలా నిలబడింది అరవై రెండు మందికే. మూడు వరుసలు పెరిగింది మాత్రం మందు వేయించుకున్నవాళ్ళలో మూడోవంతు మందికి. అంటే ఈ వైద్యంలో ఎక్కువమందికి దక్కే లాభం ఉన్న చూపు ఉన్నట్టు నిలవడమే. నాన్నగారికి వరుస పెరగలేదంటున్నారు, తగ్గిందా అని అడిగారా? ఫైలు తీసి మొదటి స్కానూ మూడో ఇంజెక్షన్ తర్వాతి స్కానూ పక్కపక్కన పెట్టి చూపించమని డాక్టర్ని అడగండి. మొదటి దాంట్లో రెటీనా కింద నల్లటి ఖాళీలు కనిపిస్తాయి, అదే నీరు. రెండో దాంట్లో అవి తగ్గినా, పోయినా మందు పనిచేస్తున్నట్టే, చార్టు ఏం చెప్పినా సరే. మా దగ్గర నేను ఆ రెండు బొమ్మలూ పెద్ద తెరమీద పెట్టి పేషెంటుకే చూపిస్తాను, వంద మాటలు చెప్పినా ఒప్పుకోని పెద్దాయనలు ఆ బొమ్మ చూసి ఒప్పుకున్నారు. మూడు ఇంజెక్షన్ల తర్వాత కూడా నీరు అలాగే ఉంటే అప్పుడు వేరే ఆలోచన చెయ్యాలి, దాని గురించి కింద చెబుతాను.

ఆపితే ఏమవుతుందో 2020 లాక్‌డౌన్ తర్వాత కళ్ళారా చూశాం. ఒక దర్జీ, అరవై ఎనిమిదేళ్ళు, మార్చి నెలాఖరున రావాల్సినవాడు సెప్టెంబరులో వచ్చాడు. చొక్కా జేబులో పాత అపాయింట్‌మెంట్ చీటీ నాలుగు మడతలు పెట్టి దాచుకునే ఉన్నాడు. అంతకుముందు ఆ కంటితో 6/18 వరుస చదివేవాడు, ఆరోజు నా చేతి వేళ్ళు ఎన్నో చెప్పడానికి మీటరు దూరంలోకి రావాల్సి వచ్చింది. స్కాన్ తీస్తే నీరు, రక్తం, అంచున అప్పుడే కడుతున్న మచ్చ. ఇంజెక్షన్లు మళ్ళీ మొదలుపెట్టాం, కొంత తేరుకున్నాడు, సూదిలో దారం ఎక్కించే చూపు మాత్రం ఆ కంటికి రాలేదు. అతనిలాంటివాళ్ళు ఆ ఏడాది చాలామంది.

అయితే జీవితాంతం నెలకొకటా అని భయపడకండి. ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు పాటించే పద్ధతిలో మొదటి మూడు నెలనెలా వేస్తారు, నీరు ఆరిపోతే తర్వాతిది ఆరు వారాలకి, అప్పుడూ పొడిగా ఉంటే ఎనిమిదికి, ఇలా రెండేసి వారాలు జరుపుతూ పన్నెండు, కొన్ని మందులతో పదహారు వారాల దాకా తీసుకెళ్తారు. ఎక్కడ మళ్ళీ నీరు కనిపిస్తే అక్కడ రెండు వారాలు వెనక్కి వస్తారు. మొదటి ఏడాది ఏడెనిమిది పడటం మామూలు, తర్వాత తగ్గుతాయి. మా అమ్మకి కుడి కంటికి పది వారాలు, ఎడమ కంటికి పద్నాలుగు వారాలు కుదిరాయి. రెండేళ్ళ కిందట మేమే పన్నెండు చేసి చూశాం, కుడి కంట్లో నీరు వచ్చేసింది, మళ్ళీ పదికి దిగాం. ఒక్కో కంటికి ఒక్కో లెక్క.

మందుల సంగతి. బెవాసిజుమాబ్, దాన్నే అవాస్టిన్ అంటారు, పెద్దపేగు క్యాన్సర్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు. కంటి కోసం తయారైంది కాదు, కానీ 2005 నుంచి కంట్లోనూ వాడుతున్నారు. కంటికోసమే చేసిన రానిబిజుమాబ్ అంటే లూసెంటిస్, 2006లో వచ్చింది. ఈ రెండింటినీ అమెరికా ప్రభుత్వ ఖర్చుతో సుమారు 1,200 మంది మీద పోల్చి చూశారు, 2011లో ఫలితం వచ్చింది: ఒకే తీరున వేస్తే ఏడాది తర్వాత చూపులో తేడా లేదు. కాబట్టి డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు చవక మందు వేయించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఖరీదైనది రెండు వేయించుకుని ఆపేసినవాళ్ళకన్నా చవకది వదలకుండా వేయించుకున్నవాళ్ళ కళ్ళు బాగున్నాయి, ఇది నేను రోజూ చూసే విషయం. అవాస్టిన్ దగ్గర జాగ్రత్త పడాల్సింది వేరే చోట. అది క్యాన్సర్ రోగికి సరిపడే పెద్ద సీసాలో వస్తుంది, కంటికి కావాల్సింది 0.05 మిల్లీలీటరు, అంటే ఒక్క సీసాని చాలామందికి చిన్న సిరంజిల్లోకి పంచాలి. ఆ పంచడం శుభ్రంగా జరక్కపోతే, లేదా సీసాయే నకిలీదైతే, ఒకేరోజు వేయించుకున్న పదిమంది కళ్ళకీ ముప్పు. అందుకని "మందు ఎక్కడ నింపుతారు, ఎవరు నింపుతారు" అని అడగండి, మంచి ఆసుపత్రి ఈ ప్రశ్నకి చిరాకు పడదు. మధ్యస్థంగా, మన దేశంలోనే తయారయ్యే రానిబిజుమాబ్ ఉంది, ఇంటాస్ వాళ్ళు 2015లో రాజుమాబ్ పేరుతో తెచ్చారు, అసలు మందుకన్నా చవక. అఫ్లిబెర్సెప్ట్, ఈమధ్య వచ్చిన ఫారిసిమాబ్ ఖరీదైనవి, కొందరికి వాటితో రెండు ఇంజెక్షన్ల మధ్య ఎడం పెరుగుతుంది. ఊరు నుంచి ఊరు తిరగాల్సిన పెద్దవాళ్ళకి ఆ ఎడమే పెద్ద లాభం కావచ్చు, ప్రయాణం, తోడు, సెలవు అన్నీ కలిపి లెక్కేసుకోండి.

ఇన్సూరెన్స్ ఉంటే వదులుకోకండి. "ఇరవై నాలుగు గంటలు అడ్మిట్ కాలేదు, ఇవ్వం" అని తిప్పి పంపే రోజులు ఉండేవి. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ విడుదల చేసిన మార్గదర్శకాల్లో, పాలసీల నుంచి మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో కంట్లో వేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. కొంత మొత్తం దాకానే ఇస్తామని పరిమితి పెట్టి ఉండొచ్చు, వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు, పాలసీ కాగితం తెరిచి "ఇంట్రావిట్రియల్" (కంటి లోపలికి వేసేది) అన్న మాట వెతకండి.

నీరు ఆరకపోతే అని పైన అన్నాను కదా. మన ఆసియా వాళ్ళలో, తెల్లవాళ్ళకన్నా ఎక్కువగా, పీసీవీ అనే రకం కనిపిస్తుంది. అడుగు పొరలో రక్తనాళాల చివర ద్రాక్షగుత్తిలా బుడగలు ఉంటాయి, రక్తం ఎక్కువగా కారుతుంది. మామూలు స్కాన్లో అనుమానం వస్తుంది, ఖాయంగా తెలియాలంటే చేతి నరంలోకి ఐసీజీ అనే పచ్చటి రంగు ఎక్కించి ఫొటోలు తీస్తారు. అదే అయితే కొందరికి ఇంజెక్షన్‌తో పాటు వెర్టెపోర్ఫిన్ అనే మందు ఎక్కించి చల్లటి లేజర్ వేస్తారు, వేశాక కొన్ని రోజులు ఎండ తగలకూడదు. నాన్నగారికి మూడింటి తర్వాత కూడా నీరు తగ్గకపోతే "పీసీవీ ఏమో చూశారా?" అని అడగండి. డాక్టరుకి ఎదురు చెప్పినట్టు ఏమీ కాదు.

సూది భయం గురించి. వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను. జరిగేది ఇది: మొద్దుబారే చుక్కలు రెండు మూడుసార్లు వేస్తారు, రెప్పల మీదా కంట్లోనూ అయోడిన్ మందు వేస్తారు, ఇదే కాస్త మంట, అయినా ఇన్‌ఫెక్షన్ రాకుండా కాపాడేది ప్రధానంగా ఇదే. ముఖం మీద గుడ్డ కప్పి, రెప్ప వాల్చకుండా చిన్న క్లిప్పు పెడతారు. చాలామందిని ఇబ్బంది పెట్టేది సూదికన్నా ఈ క్లిప్పే. "పైకి చూడండి" అంటారు, నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోకి వెంట్రుకంత సన్నటి సూది దింపి తీసేస్తారు, మీరు నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. సూది కంటి ముందు నుంచి వస్తున్నట్టు కనపడదు, ఈ మాట నాన్నగారికి ప్రత్యేకంగా చెప్పండి, చాలామంది భయం అక్కడే ఉంటుంది. గుడ్డ కింద ఊపిరాడదనిపిస్తే ముందే చెబితే ముక్కు దగ్గర ఎత్తి పెడతారు. గుండెకి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఈ ఇంజెక్షన్ కోసం వాటిని సాధారణంగా ఆపనక్కర్లేదు, సొంతంగా అసలు ఆపొద్దు. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే మాత్రం ఇంజెక్షన్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి.

వేశాక తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక కనిపిస్తే కంగారు పడొద్దు, పది రోజుల్లో అదే పోతుంది. నల్లటి గుండ్రటి బుడగలు కదులుతున్నట్టు కనిపించడం, ఆ సాయంత్రం ఇసుక పడ్డట్టు గరగర, ఇవీ మామూలే. కానీ రెండో రోజు నుంచి వారం లోపల నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడుతున్నా, చూపు మసకబారుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, ఒక పక్క నుంచి తెర పడినట్టున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆదివారమైనా, అర్ధరాత్రయినా. కంటి లోపలి ఇన్‌ఫెక్షన్ అరుదు, రెండు మూడు వేల ఇంజెక్షన్లకి ఒకటి అంటారు, వస్తే మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాలి. "రేపు పొద్దున చూద్దాంలే" అని ఆగిన ఒక్క రాత్రిలో కన్ను పోయినవాళ్ళున్నారు.

ఇప్పుడు ఎడమ కన్ను. మీరు చివర్లో ఒక్క వాక్యంలో అడిగి వదిలేశారు, నా మటుకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక కంట్లో వెట్ వచ్చినవాళ్ళకి రెండో కంట్లో కూడా వచ్చే అవకాశం మామూలువాళ్ళకన్నా చాలా ఎక్కువ. మొదటి కన్ను ఎప్పుడు పాడైందో మనకి తెలియనే తెలియదు, ఎందుకంటే రెండో కన్ను దాని పని కూడా చేసేస్తుంది. రెండో కంట్లో వస్తే మొదటి వారంలో పట్టుకునే అవకాశం మన చేతిలో ఉంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. అమ్మకి కుడి కంటికి వైద్యం మొదలైన రోజే ఆమ్‌స్లర్ గ్రిడ్ అనే గళ్ళ కాగితం తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, రోజూ చూడమన్నాను. రోజూ చూసేది. "బానే ఉందమ్మా" అనేది. పదినెలలు గడిచాయి. ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ, చుక్కలు తిన్నగానే పెడుతున్నా గీత మధ్యలో వంగినట్టు కనిపిస్తోంది, చెయ్యి వణుకుతోందేమో అంది. ముగ్గు చూస్తే గీత తిన్నగానే ఉంది. కుడి కన్ను మూసి గళ్ళ కాగితం చూడమంటే, మధ్యలో రెండు గీతలు లోపలికి లాగినట్టున్నాయి అంది. అప్పుడు తెలిసింది, పదినెలలుగా ఆవిడ రెండు కళ్ళూ తెరిచే చూస్తోందని. రోజుకి పాతికమందికి ఈ పరీక్ష నేర్పించే నేను మా అమ్మ ఎలా చూస్తోందో ఒక్కసారి కూడా పక్కన నిలబడి చూడలేదు. అదే రోజు స్కాన్, మూడో రోజుకి ఇంజెక్షన్. అదృష్టం, నీరు అప్పుడే మొదలైంది, ఆ కంటితో ఈరోజుకీ 6/9 చదువుతుంది, పంచాంగం తనే చూసుకుంటుంది.

కాబట్టి నాన్నగారికి ఇలా నేర్పండి. వీడియో కాల్ పెట్టి మీరు చూస్తుండగా చేయించండి. దగ్గర చూపు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, కాగితం అడుగు దూరంలో పట్టుకోవాలి, ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూయాలి, వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు. నడిమధ్య చుక్క మీదే చూపు నిలిపి, చుట్టూ గీతలు వంగాయా, ఎక్కడైనా గళ్ళు మాయమయ్యాయా, మసకగా ఉన్నాయా గమనించాలి. తర్వాత రెండో కన్ను. కాగితం దొరక్కపోతే గోడ క్యాలెండరు గళ్ళు, కిటికీ ఊచలు, స్నానాలగది టైల్స్, గుమ్మం అంచు ఏవైనా పనికొస్తాయి. పొద్దున కాఫీ తాగే వేళకి ముడిపెడితే మర్చిపోరు. కుడి కంట్లో ఇప్పటికే వంకరలు ఉంటాయి, అవి ఈరోజు ఎలా ఉన్నాయో పెన్సిల్‌తో గీసి తేదీ వేసి ఉంచుకోండి, మార్పు తెలియాలంటే నిన్నటిది కాగితం మీద ఉండాలి. ఎడమ కంట్లో కొత్తగా ఏ వంకర కనిపించినా వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రెండు మూడు రోజుల్లో స్కాన్ తీయించాలి. ఇంకోటి, ఈ కాగితం అన్నిటినీ పట్టుకోలేదు, నీరు కొద్దిగా ఉంటే గీతలు తిన్నగానే కనిపించొచ్చు. అందుకే కుడి కంటి ఇంజెక్షన్‌కి వెళ్ళిన ప్రతిసారీ "ఎడమ కంటికి కూడా ఓసీటీ తీయండి" అని అడగమనండి.

డ్రై కంటికి మాత్రలు పనికొస్తాయా అంటే, దశని బట్టి. మధ్యస్థ దశలో ఉన్నవాళ్ళకీ, నాన్నగారిలా ఒక కంట్లో ముదిరినవాళ్ళకీ, ఒక ప్రత్యేక మోతాదులో విటమిన్లు వాడితే ఐదేళ్ళలో జబ్బు ముదిరే ముప్పు సుమారు పాతిక శాతం తగ్గుతుందని అమెరికాలో జరిగిన ఏరెడ్స్ పరిశోధన తేల్చింది. 2013లో సవరించాక ఆ మోతాదు: విటమిన్ సీ 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 యూనిట్లు, లూటీన్ 10, జియాజాంథిన్ 2, జింక్ 80, కాపర్ 2 మిల్లీగ్రాములు. మెడికల్ షాపులో "కంటి విటమిన్" అని ఇచ్చే వాటిలో చాలావరకు దీనికి దరిదాపుల్లో ఉండవు, డబ్బా వెనక చదివి ఈ అంకెలతో పోల్చుకోండి. బీటా కెరొటిన్ ఉన్నది పొగతాగేవాళ్ళకీ, తాగి మానేసినవాళ్ళకీ వద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలాకే దాన్ని తీసేసి లూటీన్ పెట్టారు. ఆయన వాడే మిగతా మందుల చీటీ చూపించి డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి. తిండిలో తోటకూర, పాలకూర, మునగాకు, గుడ్డు పచ్చసొన, చేపలు. ఆకుకూర కాస్త నూనెతో వండితేనే లూటీన్ ఒంటికి పడుతుంది.

నాన్నగారికి చుట్ట గానీ బీడీ గానీ అలవాటుంటే అది మానడాన్ని మించిన మందు డ్రై కంటికి లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కంటి వ్యాధుల సర్వేలోనే చుట్ట తాగినవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది.

డ్రై ముదిరి మాక్యులాలో కణాలు చచ్చిపోయే దశకి 2023లో అమెరికాలో రెండు ఇంజెక్షన్లు వచ్చాయి. అవి పాడవడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి అంతే, చూపు తిరిగి తేవు, పైగా వెట్ రకం వచ్చే అవకాశాన్ని కాస్త పెంచుతాయి, వాటిలో ఒకదానికి 2024లో ఐరోపా అనుమతి ఇవ్వలేదు. ఎవరైనా ఎన్నారై బంధువు పంపిస్తానన్నా తొందరపడకండి.

పసరు వద్దు. గట్టిగానే చెబుతున్నాను. కంట్లో పిండిన ఆకు రసం రెటీనా దాకా చేరే దారే లేదు, దానితోపాటు వెళ్ళే బూజు మాత్రం నల్లగుడ్డు మీద పుండు చేస్తుంది, ఇంజెక్షన్లతో కాపాడుకుంటున్న కన్ను వారంలో పోతుంది. స్టెమ్ సెల్స్ అంటూ వచ్చే ప్రకటనలూ అంతే. ఫ్లోరిడాలో ఈ జబ్బే ఉన్న ముగ్గురు ఆడవాళ్ళు ఐదేసి వేల డాలర్లు కట్టి తమ కొవ్వులోంచి తీసిన కణాలు రెండు కళ్ళలోనూ వేయించుకున్నారు, ముగ్గురి చూపూ దారుణంగా పోయింది, 2017లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఆ కేసులు అచ్చయ్యాయి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. చూపు బాగా తగ్గినవాళ్ళకి ఒక్కోసారి లేనివి కనిపిస్తాయి: గోడ మీద పూల తీగలు, మంచం పక్కన చిన్నపిల్లలు, వరుసగా నడిచే మనుషులు. మాట వినపడదు, బొమ్మ మాత్రమే. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు, 1760లో ఆ స్విస్ శాస్త్రవేత్త తన తాతగారి అనుభవాన్ని రాశాడు. కన్ను పంపని బొమ్మలని మెదడు తనే అల్లుకోవడం అది. మతి చలించడం కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. ఒక ముసలమ్మ ఏడు నెలలు ఎవరికీ చెప్పకుండా తలగడ కింద నిమ్మకాయ పెట్టుకుని పడుకుంది, నేను పరీక్ష మధ్యలో మామూలుగా అడిగితే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాన్నగారిని కూడా ఒకసారి మెల్లగా అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

కుడి కంటి చూపు ఇంతే ఉన్నా ఆయన గుడ్డివారు కారు, పక్క చూపు ఈ జబ్బులో పోదు, ఇంట్లో తిరగడం, తన పని తను చేసుకోవడం ఆగదు. స్టీలు పళ్ళెంలో పెరుగన్నం కలిసిపోయి కనపడదు, అదే అరిటాకులోనో ముదురు రంగు పళ్ళెంలోనో పెడితే కనిపిస్తుంది. మెట్ల అంచులకి పసుపు రంగు టేపు వెయ్యండి. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి, చదివి వినిపించే సదుపాయం పెట్టి ఇవ్వండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ సంస్థలో తక్కువ చూపున్నవాళ్ళకి భూతద్దాలు, చూపు పక్కకి తిప్పి చదివే పద్ధతి నేర్పే విభాగం ఉంది, విజయవాడ పక్కన తాడిగడపలో కూడా వాళ్ళ ఆసుపత్రి ఉంది, అడిగి చూడండి.

చివరిగా, "సూదులు నావల్ల కాదు" అన్న మాటని అక్కడితో నమ్మకండి. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళతో విడిగా మాట్లాడితే సగం మంది దగ్గర బయటపడింది సూది భయం కాదు, తోడు. నెలనెలా పక్కింటి అబ్బాయిని అడగాలి, వాడు పని మానుకుని రావాలి, చుక్కల మందు వేశాక ఒంటరిగా బస్సెక్కలేరు, ఆ మొహమాటం. మీరు ఆ ఏర్పాటు చేసేస్తే, డబ్బిచ్చి ఆటోనో మనిషినో ఖాయం చేసి, స్కానూ ఇంజెక్షనూ ఒకే రోజు పడేలా ఆసుపత్రితో మాట్లాడి పెడితే, ఆయన ఒప్పుకోవచ్చు. మూడో ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో మీరు రాయలేదు. ఐదు వారాలు దాటిపోతుంటే ఈరోజే ఫోన్ చేసి తేదీ తీసుకోండి. స్కాన్ రిపోర్టులో నీటి గురించీ, పీసీవీ గురించీ ఏం రాశారో, పేరూ ఆసుపత్రీ తీసేసి ఇక్కడ పెట్టండి, అందులో మాటలకి అర్థం ఏమిటో, డాక్టర్ని ఏమడగాలో చెబుతాను.